అంకితము వేంకట నరసింగరావు: విశాఖపట్టణపు వేధశాల

ఆంధ్రదేశమున జ్యోతిశ్శాస్త్రచరిత్రమును వ్రాయువారు సిద్ధాంతగ్రంథములను, పంచాంగకర్తలను పేర్కొందురు గాని, పందొమ్మిదవ శతాబ్దమున దూరదర్శనితో గ్రహవేధ సల్పిన యాంధ్రులను అంతగా స్మరింపరు. అట్టివారిలో అగ్రగణ్యుఁడు అంకితము వేంకట నరసింగరావు (1827–1892).

ఆయన కృషికి పునాది వేసినవాఁడు మామగారగు గోడె వేంకట జగ్గారావు. జమీందారీ కుటుంబమువాఁడైన యీతఁడు చెన్నపట్టణమునకు పోయి, అచ్చటి వేధశాలాధ్యక్షుఁడగు టేలరు దొరయొద్ద గణితజ్యోతిషముల నభ్యసించెను. మరలివచ్చి 1840 ప్రాంతమున విశాఖపట్టణమున డాబాతోఁటలో స్వంతధనముతో వేధశాలను నెలకొల్పెను. 1856లో ఆయన గతింపఁగా నా భారము అల్లునిపై పడెను. నరసింగరావు డిప్యూటీ కలెక్టరు పదవిని విడిచి దానిని వహించెను. 1871లో లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీవారు ఆయనను తమ సభ్యునిగా గ్రహించిరి.

1868 ఆగష్టు 18వ తేదీనాఁటి సూర్యగ్రహణము జగత్ప్రసిద్ధము. దానిని పరీక్షించుటకై ఫ్రాన్సునుండి జాన్సెను పండితుఁడు గుంటూరునకు వచ్చెను. చెన్నపట్టణపు వేధశాలాధ్యక్షుఁడు పాగ్‌సను మచిలీపట్టణమునను, ఆయన సహాయకుఁడు చింతామణి రఘునాథాచార్యులు వనపర్తియందును వేధ సల్పిరి. విశాఖపట్టణమున నరసింగరావు తన వేధశాలనుండియే దానిని పరిశీలించెను.

అంతకంటె విశేషమైనది 1874 డిసెంబరు 9వ తేదీనాఁటి శుక్రసంక్రమణము. శుక్రమౌఢ్యమున నా గ్రహము కానరాదనుట మన పండితులకు సుపరిచితము. ఐనను వక్రగతిలోని యా మౌఢ్యమధ్యముననే, మిక్కిలి యరుదుగా, శుక్రుఁడు సూర్యబింబముపై నల్లని చుక్కవలె కనఁబడుచు సాగిపోవును. దూరదేశములనుండి యా ప్రవేశనిర్గమకాలములను కొలిచి పోల్చినచో లంబనముచే సూర్యుని దూరము తేలును. ఇది నేఁడు సుమారు 15 కోట్ల కిలోమీటర్లని నిర్ణీతము. 1882 నాఁటి సంక్రమణకాలమున మనకు రాత్రి. తరువాతిది 2004లో గాని రాలేదు. కావున నా తరమువారికి మనదేశమున లభించిన యవకాశ మిదియొక్కటే. దానిని నరసింగరావు జాఱవిడువలేదు.

ఇట్టి వేధలకు ప్రాణము శుద్ధకాలజ్ఞానము. నక్షత్రములు యామ్యోత్తరరేఖను దాటు క్షణమును బట్టి గడియారమును సరిదిద్దుట యనుదినకృత్యము. ఆ కాలమే డాల్ఫిన్సునోసు కొండపై ధ్వజమును నియతసమయమున దింపుటచే పురజనులకును, ఓడలవారికిని తెలుపఁబడుచుండెను. కావున నీ వేధశాలను ధనికుల వినోదముగా నెంచుట తగదు.

ఒడ్రదేశమున ఖండపడాలో సామంత చంద్రశేఖరుఁడు (1835–1904) ఇదే కాలమున వెదురుయంత్రములతో వేధచేసి, సంస్కృతమున సిద్ధాంతదర్పణమును రచించెను. పంచాంగకర్తలు దానిని చేపట్టిరి. నరసింగరావు వేధఫలితములో, లండనులో ఆంగ్లమున ప్రకటితములయ్యెను. మన సిద్ధాంతులకు అవి అందుట దుర్లభమయ్యెను. ఆయన యనంతరము కుమారుఁడు జగ్గారావు కొంతకాలము కృషి సాగించినను, వేధశాల నిలువలేదు. కుటుంబమే యాధారమైన విద్య కుటుంబముతోనే క్షీణించును. పాఠశాలయు, దేశభాషాగ్రంథమును తోడైననే యది తరములు దాఁటును. సూర్యసిద్ధాంతమును బోధించు పండితులు నరసింగరావు కథనుగూడ విద్యార్థులకు చెప్పుదురేని, గణితమునకు దృక్సామ్యమే ప్రమాణమను పూర్వుల మాట వారికి సజీవమగును.