కంప్యూటర్ నెట్‌వర్కులలో లోహకవచం గల జంటతీగల కేబుల్
కాజీపేట–విజయవాడ రైలుమార్గంలోని డోర్నకల్ జంక్షన్ 2016 వరకు వరంగల్ జిల్లాలో ఉండి, అటు తరువాత మహబూబాబాద్ జిల్లాలో చేరినది. రైళ్లను నడిపే 25,000 వోల్టుల విద్యుత్తు సమీపంలోని రాగితీగలలో ప్రేరణ వలన అవాంఛిత వోల్టేజీని కలిగిస్తుంది. అందువలన విద్యుదీకరించిన మార్గాల వెంట సిగ్నల్, టెలిఫోన్ అవసరాలకు రైల్వేలు లోహకవచం గల క్వాడ్ కేబుళ్లను వినియోగిస్తూ వచ్చాయి.

కంప్యూటర్ నెట్‌వర్కులలోనూ కవచం అవసరమయ్యే చోట్లు కలవు. అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లో పేటెంటు పొందిన విధానం ప్రకారం రెండు తీగలను మెలివేసినచో బయటి అలజడి రెండింటిపై సమానంగా పడి చాలావరకు రద్దవుతుంది. మోటార్లు, జనరేటర్లు, వెల్డింగ్ యంత్రాల సమీపంలో ఇది చాలనప్పుడు జంటలపై అల్యూమినియం రేకు లేదా రాగి అల్లిక కవచంగా అమర్చుతారు.

కవచాన్ని తప్పనిసరిగా ఎర్తింగ్ చేయవలెను. లేనిచో అదే ఏరియల్ వలె అలజడిని గ్రహించి సమాచార ప్రసారానికి ఆటంకం కలిగించగలదు. కనెక్టర్లు కూడా కవచం గలవై ఉండవలెను. ఈథర్నెట్‌లో ఒక్కొక్క కేబుల్ మార్గం 100 మీటర్లకు మించరాదు. ఎర్తింగ్ వేరువేరుగా ఉన్న భవనాల మధ్య కవచం గుండా విద్యుత్తు ప్రవహించే ప్రమాదం ఉన్నందున, అక్కడ ఆప్టికల్ ఫైబర్ శ్రేయస్కరం.