హైదరాబాద్‌లో పుట్టిన రాష్ట్రపతి

1967లో జాకిర్ హుసేన్ రాష్ట్రపతి పదవికి నిలబడితే ఎదుట పోటీకొచ్చింది తెలుగువాడే, మాజీ ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. ముస్లిం గెలుస్తాడా అన్న అనుమానం మధ్యే ఆయన గెలిచాడు.

ఖాయంగంజ్ నుంచి వలసొచ్చిన పఠాన్ వకీలు కొడుకుగా 1897లో హైదరాబాద్‌లో పుట్టాడు. 1907లో తండ్రి పోయాడు. 1911లో ప్లేగు తల్లిని మింగింది. అప్పట్నుంచి బడే ఆయనకు ఇల్లు. 1920లో అలీగఢ్ కాలేజీ వదిలి జామియా మిలియా నిర్మాతల్లో ఒకడయ్యాడు. 1926 నుంచి 22 ఏళ్లు చాలీచాలని జీతంతో దాన్ని నడిపాడు. 1947లో జలంధర్ స్టేషన్‌లో చావు తప్పించుకున్నాడు. అయినా ప్రమాణం చేసిన రోజు, దేశమంతా తన ఇల్లనీ జనమంతా తన కుటుంబమనీ అన్నాడు. 1969లో పదవిలోనే కన్నుమూస్తే జామియాలోనే మట్టి చేశారు.

ఆయన పేరు చూపి 'మీకేం తక్కువ?' అంటారు మమ్మల్ని. ఆయన చెప్పిన ఆ ఇంట్లో మా వాటా ఏదని మేం అడుగుతున్నాం.