ఉత్తరం కింద చిరునామా

1961లో న్యూయార్క్‌లోని డీసీ కామిక్స్ సంపాదకుడు జూలియస్ ష్వార్ట్జ్ తన పుస్తకాల్లో ఒక చిన్న మార్పు చేశాడు. బొమ్మల కథ అయిపోయాక వేసే పాఠకుల ఉత్తరాల కింద అప్పటిదాకా పేరూ ఊరూ మాత్రమే ఉండేవి. వాటికి తోడు ఇంటి నంబరూ, వీధి పేరూ కూడా అచ్చువేయడం మొదలుపెట్టాడు. దాంతో ఎక్కడో ఉన్న పాఠకుడు ఇంకెక్కడో ఉన్న పాఠకుడికి నేరుగా ఉత్తరం రాసే వీలు కలిగింది. కామిక్ బొమ్మల అభిమానులు ఇవాళ జరుపుకునే సమావేశాలు, పాత పేజీల సేకరణ, చిత్రకారుల మీద చేసే పరిశోధన అన్నిటికీ వేళ్లు ఆ చిరునామాల్లోనే ఉన్నాయని నా నమ్మకం.

అంతకుముందు కామిక్స్ ఇష్టపడే పెద్దవాళ్లు ఆ సంగతి బయటికి చెప్పుకునేవాళ్లు కాదు. అది పది సెంట్ల పుస్తకం. పిల్లలు కొంటారు, చదువుతారు, తల్లులు పాత కాగితాల్లో పడేస్తారు. 1954లో ఫ్రెడ్రిక్ వెర్తమ్ అనే మానసిక వైద్యుడు కామిక్స్ వల్ల పిల్లలు నేరస్తులవుతున్నారని పుస్తకం రాశాడు. అదే ఏడాది సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. భయపడిన ప్రచురణకర్తలు తమ మీద తామే సెన్సారు నియమావళి పెట్టుకున్నారు. అలాంటి వాతావరణంలో ఈ బొమ్మల్ని కళగా ప్రేమించినవాడు తనలాంటివాడు ఇంకొకడు ఉంటాడని కూడా అనుకోలేని ఒంటరితనంలో ఉండేవాడు.

చిరునామాకి ఉన్న బలం ష్వార్ట్జ్‌కి తెలుసు. 1926లో మొదలైన ‘అమేజింగ్ స్టోరీస్’ అనే సైన్స్ ఫిక్షన్ పత్రిక ఉత్తరాల కింద చిరునామాలు వేసేది. వాటి ద్వారా స్నేహాలు కలిసిన కుర్రాళ్ల తరం ఆయనది. 1932లో, ఇంకా టీనేజీ దాటకముందే, స్నేహితుడు మోర్ట్ వైసింగర్‌తో కలిసి ‘ద టైమ్ ట్రావెలర్’ అనే ఫ్యాన్‌జైన్ తెచ్చాడు. అభిమానులు సొంత ఖర్చుతో అభిమానుల కోసం వేసుకునే పత్రిక అది. ఆ ఏడాదే క్లీవ్‌లాండ్‌లో జెర్రీ సీగెల్, జో షూస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్లు కూడా ‘సైన్స్ ఫిక్షన్’ పేరుతో ఒక ఫ్యాన్‌జైన్ మొదలుపెట్టారు. 1933 జనవరి సంచికలో వాళ్లు వేసిన ఒక కథలో ప్రతినాయకుడి పేరు సూపర్‌మ్యాన్. లోకానికి తెలిసిన సూపర్‌మ్యాన్ కామిక్ పుస్తకంలోకి వచ్చింది 1938లో. సూపర్‌హీరో కంటే ముందు అభిమాని పుట్టాడని దీన్నిబట్టి ధైర్యంగా చెప్పొచ్చు.

ఇక ఈ కథకి అసలు మనిషి జెర్రీ బెయిల్స్. డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ యూనివర్సిటీలో సైన్సు పాఠాలు చెప్పేవాడు. చిన్నప్పుడు ‘ఆల్ స్టార్ కామిక్స్’లో చదివిన జస్టిస్ సొసైటీ వీరులంటే ఆయనకి ప్రాణం. ఆ పుస్తకం 1951లో ఆగిపోతే, మళ్లీ తెమ్మని డీసీ కంపెనీకి ఏళ్ల తరబడి ఉత్తరాలు రాశాడు. ఆ కథలు రాసిన గార్డ్‌నర్ ఫాక్స్‌తో పరిచయం పెంచుకున్నాడు. పాత సంచికల కోసం రాయ్ థామస్ అనే మిస్సోరీ కాలేజీ కుర్రాడు కూడా ఫాక్స్‌కే రాస్తే, ఆయన బెయిల్స్‌ని అడగమన్నాడు. ఇద్దరి మధ్యా ఉత్తరాల వరద మొదలైంది. 1961 ఫిబ్రవరిలో బెయిల్స్ న్యూయార్క్ వెళ్లి ష్వార్ట్జ్‌ని కలిశాడు. ష్వార్ట్జ్ ఆయనకి ‘జీరో’ అనే ఫ్యాన్‌జైన్ చూపించాడు. పాత కామిక్స్ మీద శ్రద్ధగా రాసిన వ్యాసాలు అందులో ఉన్నాయి. మరుసటి నెలే బెయిల్స్, థామస్ కలిసి ‘ఆల్టర్ ఈగో’ మొదటి సంచిక తెచ్చేశారు.

దాన్ని అచ్చువేసింది స్పిరిట్ డూప్లికేటర్ మీద. మైనపు రంగు పూసిన కాగితం వెనక పెట్టి టైపు చేస్తే మాస్టరు కాగితం వెనకవైపు అక్షరాలు తిరగబడి పడతాయి. దాన్ని డ్రమ్ముకి చుట్టి, స్పిరిట్‌తో తడిసిన తెల్ల కాగితాలు ఒక్కొక్కటే దాని మీదుగా పోనిస్తే ఊదారంగు అచ్చు దిగుతుంది. కొన్ని వందల కాపీలయ్యేసరికి రంగు వెలిసిపోతుంది. మన ఊళ్లలో సైక్లోస్టైల్ మీద చిన్న పత్రికలు తీసినవాళ్లకి ఈ కష్టం బాగా తెలుసు. ఆ కాపీలు వెళ్లింది ఎక్కడికనుకున్నారు? లేఖల పేజీల్లో దొరికిన చిరునామాలకే.

సరిగ్గా అదే వసంతంలో, డెట్రాయిట్‌లో ఏం జరుగుతోందో తెలియకుండానే, ఒహాయో రాష్ట్రంలో తర్వాత దంపతులైన డాన్, మ్యాగీ థాంప్సన్ ‘కామిక్ ఆర్ట్’ అనే ఫ్యాన్‌జైన్ మొదలుపెట్టారు. ఆ ఏడాది చివర్లో మయామీలో జి.బి. లవ్ ‘రాకెట్స్ బ్లాస్ట్’ తెచ్చాడు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఆయన పేజీలన్నీ కష్టపడి తనే టైపు చేసుకునేవాడు. ఆ పత్రిక తర్వాత పాత పుస్తకాలు కొనేవాళ్లకీ అమ్మేవాళ్లకీ పెద్ద సంతలా మారింది.

అయితే అమ్మకాల కంటే గొప్ప పని ఇంకొకటి జరిగింది. ఆ రోజుల్లో చాలా కామిక్స్ మీద రచయిత పేరు గానీ చిత్రకారుడి పేరు గానీ ఉండేది కాదు. డొనాల్డ్ డక్ కథలన్నిటి మీదా ఉండేది వాల్ట్ డిస్నీ పేరే. కానీ గీత చూసి మనిషిని గుర్తుపట్టగల పిల్లలు వాటిలో ఒక చేతిని విడిగా పసిగట్టారు. పేరు తెలియక ‘మంచి బాతు చిత్రకారుడు’ అని పిలుచుకున్నారు. 1960లో కాలిఫోర్నియాకి చెందిన ఒక యువ పాఠకుడు పట్టు వదలకుండా వెతికి, కార్ల్ బార్క్స్ అనే ఆ పెద్దాయనకి అభిమానంతో ఉత్తరం రాశాడు. అప్పటికి బార్క్స్‌కి దాదాపు అరవై ఏళ్లు. అంకుల్ స్క్రూజ్ పాత్రని పుట్టించిన మనిషి తనని ఎవరో ఆటపట్టిస్తున్నారేమోనని అనుమానపడ్డాడు. ఎన్నో ఏళ్లు గీసిన కళాకారుడు తన పని ఎవరికైనా నచ్చిందంటే నమ్మలేకపోవడం ఎంత అన్యాయం!

అంతకన్నా పెద్ద అన్యాయం బిల్ ఫింగర్‌ది. 1939లో వచ్చిన బ్యాట్‌మ్యాన్ మీద బాబ్ కేన్ ఒక్కడి పేరే ఉండేది. 1965లో బెయిల్స్ ఫింగర్‌ని కూర్చోబెట్టి అడిగి తెలుసుకున్నవన్నీ వ్యాసంగా రాశాడు. ముసుగు, అంగీ రూపం, బ్రూస్ వేన్ పేరు, గోథమ్ నగరం, తొలి కథలు ఇవన్నీ ఫింగర్ ఆలోచనలేనని అచ్చులో చెప్పిన మొదటి మనిషి బెయిల్స్. కేన్ మండిపడ్డాడు. ‘బ్యాట్‌మేనియా’ అనే ఇంకో ఫ్యాన్‌జైన్‌కి సుదీర్ఘమైన ఖండన పంపాడు. ఫింగర్ 1974లో పోయాడు. ఆయన పేరు బ్యాట్‌మ్యాన్ కింద అధికారికంగా వేయడానికి కంపెనీ 2015లో గానీ ఒప్పుకోలేదు. ఊదారంగు కాగితాల మీద ఒక లెక్చరర్ రాసిన నిజం నిలబడడానికి యాభై ఏళ్లు పట్టింది. అదే రాసి ఉండకపోతే నిలబెట్టడానికి నిజమంటూ ఏదీ మిగిలేది కాదు.

బెయిల్స్ అక్కడితో ఆగలేదు. ఏ కథ ఎవరు గీశారు, ఇంకు ఎవరు దిద్దారు, ఎవరు రాశారు అని గీతలు పోల్చి, ఉత్తరాలు రాసి అడిగి, హేమ్స్ వేర్‌తో కలిసి అమెరికన్ కామిక్ కళాకారుల ‘హూజ్ హూ’ తయారుచేశాడు. 1973 నుంచి 1976 వరకు నాలుగు సంపుటాలు వచ్చాయి. 2006లో చనిపోయేదాకా ఆ పట్టిక పెంచుతూనే ఉన్నాడు. రాయ్ థామస్ మటుకు 1965లో మార్వెల్ అనే కామిక్స్ కంపెనీలో ఉద్యోగానికి చేరి, 1972లో స్టాన్ లీ తర్వాత ప్రధాన సంపాదకుడయ్యాడు.

ఉత్తరాల స్నేహాలు ముఖాముఖి కలవాలనుకోవడం సహజమే. 1964లో డెట్రాయిట్‌లో, న్యూయార్క్‌లో చిన్నచిన్న సమావేశాలు జరిగాయి. న్యూయార్క్ సభకి వచ్చిన కుర్రాళ్లలో ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ రచయిత జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ ఒకడు. డెట్రాయిట్ సభలకి పనిచేసిన షెల్ డార్ఫ్ శాన్ డియాగోకి మారి, అక్కడి హైస్కూలు, కాలేజీ పిల్లల్ని పోగేశాడు. 1970 ఆగస్టులో వాళ్లంతా కలిసి యు.ఎస్. గ్రాంట్ హోటల్లో మూడు రోజుల సభ పెడితే మూడు వందల మంది వచ్చారు. అదే ఇప్పుడు లక్షకు పైగా జనం వచ్చే శాన్ డియాగో కామిక్ కాన్. నిజం చెప్పాలంటే ఇవాళ అక్కడ సినిమా కంపెనీల హోరే ఎక్కువ. నాకు ఆ మూడు వందల మంది సభే గొప్పగా కనిపిస్తుంది.

అసలు పేజీల సంగతీ చెప్పాలి. అచ్చయిపోయాక చిత్రకారుడు గీసిన అట్టలు కంపెనీ సొత్తు. వాటిని గోదాముల్లో పడేసేవారు, ముక్కలు చేసి పారేసేవారు. ష్వార్ట్జ్ మంచి ఉత్తరాలు రాసినవాళ్లకి వాటిని బహుమతిగా పంపేవాడు. అలా అభిమానుల ఇళ్లకి చేరినవి బతికాయి. 1970ల్లో కంపెనీలు పేజీలు చిత్రకారులకి తిరిగివ్వడం మొదలుపెట్టాక కూడా జాక్ కర్బీ అనే చిత్రకారుడికి మాత్రం మార్వెల్ వేరే ఎవరికీ పెట్టని షరతులు పెట్టింది. 88 పేజీలు ఇస్తాం, నాలుగు పేజీల పత్రం మీద సంతకం పెట్టమంది. ఆయన ఆ కంపెనీకి గీసినవి పదివేలకు పైమాటే. తోటి కళాకారులూ అభిమానులూ సంతకాలు సేకరించి, పత్రికల్లో రాసి, సభల్లో నిలదీశారు. 1987లో సుమారు రెండు వేల పేజీలు ఆయన ఇంటికి వచ్చాయి.

కామిక్స్‌ని తిట్టిన వెర్తమ్ 1973లో ఈ ఫ్యాన్‌జైన్ల మీద ఒక పుస్తకం రాసి, వీటిని నడిపే యువతని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు వాళ్లకి దక్కాల్సిందే.

మనకీ ఈ కథతో చుట్టరికం ఉంది. చందమామలో ‘తోకచుక్క’ మొదలుకొని దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన ధారావాహికలన్నీ ఆయన పేరు లేకుండానే వచ్చాయి. వాటికి బొమ్మలు వేసిన ‘చిత్ర’ సంతకం మనకి తెలుసు గానీ, ఆ సంతకం వెనక ఉన్నది టి.వి. రాఘవన్ గారని తెలిసినవాళ్లు ఎందరు? పాత చందమామలు దాచుకున్న పాఠకుల పట్టుదల వల్లే ఈ పేర్లు ఈ కాస్తయినా వెలుగులోకి వచ్చాయి. మన వారపత్రికల్లో కథలకి బొమ్మలు వేసిన ఎంతోమందికి ఆ భాగ్యం కూడా దక్కలేదు. మీ ఇంట్లో పాత పత్రికల బైండ్లు ఉంటే, పాత కాగితాలవాడికి వేసేముందు బొమ్మల మూలల్లో ఉన్న సంతకాలు చూడండి. పత్రిక పేరు, తేదీ, కథ పేరుతో సహా ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. ఆ చిత్రకారుల పిల్లలో స్నేహితులో ఇంకా ఉంటే వెళ్లి అడగండి.