చింతగింజల పందెం

మా నల్గొండ ఇంట్లో సెలవులంటే అరుగు మీద సుద్దతో గీసిన అష్టాచెమ్మా, నాలుగు గవ్వలు. పందెం చింతగింజలే. ఒకసారి మామయ్య పావలా పెట్టబోతే అమ్మమ్మ గవ్వలన్నీ కొంగున ముడేసుకుని లోపలికి వెళ్లిపోయింది, ఒక్క మాట అనకుండా.

కోర్టుల దారి వేరు. 1967లో మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అంది. 1974 గేమింగ్ చట్టం కూడా నైపుణ్యపు ఆటలను వదిలేసింది. ఆ సందులోంచే ఆన్‌లైన్ రమ్మీ ఫోన్లలోకి దూరింది. 2017లో తెలంగాణ ఆ సందు మూసింది. 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతా నిషేధించింది.

మరి పిల్లల ఆటల్లో తిరిగే చక్రం సంగతి? 1996లో జపాన్‌లో వచ్చిన మొదటి పోకెమాన్ ఆటల్లోనే నాణేలేసి తిప్పే జూదం మిషన్లుండేవి. తర్వాత తీసేశారు. మా చిన్నోడి కార్ల ఆటలో మాత్రం రోజూ చక్రం తిరుగుతోంది. అవి ఉత్తుత్తి నాణేలు, డబ్బు పందెం కాదు, అందుకే ఈ చట్టాలకు చిక్కదు. కానీ "అమ్మా, ఇంకొక్కసారి తిప్పుతా" అన్నప్పుడు వాడి గొంతులో నాకు మామయ్యే వినిపించాడు. పిల్లల ఆటలో దానికేం పని?

ఆ ఆట ఫోన్లోంచి తీసేశాను. రెండు రోజులైంది, వాడు నాతో మాట్లాడట్లేదు.