రక్షరేకు నుంచి రణరంగానికి: జర్మన్ అచ్చుబొమ్మల్లో క్రైస్తవ భక్తి

మాంచెస్టర్‌లోని రైలాండ్స్ గ్రంథాలయంలో సెయింట్ క్రిస్టఫర్ బొమ్మ ఒకటుంది. బాలయేసును భుజానెత్తుకుని ఏరు దాటుతున్న క్రిస్టఫర్‌ను చూపే ఆ చెక్క అచ్చు మీద 1423 అని చెక్కి ఉంది. దక్షిణ జర్మనీలోని బుక్స్‌హైమ్ మఠంలో, ఒక చేతిరాత పుస్తకం అట్ట లోపల అతికించి ఉండగా దొరికింది. క్రిస్టఫర్ ముఖం చూసిన రోజున దుర్మరణం ఉండదని కింద లాటిన్‌లో హామీ ఇచ్చారు. అంటే చూడటమే రక్ష. తొలినాళ్ల అచ్చుబొమ్మల్ని వాడుకునే వస్తువులుగా చూస్తేనే అవి అర్థమవుతాయి. గోడకు అంటించినవి చిరిగిపోయాయి. పుస్తకాల్లో దాగినవి మిగిలాయి.

1390లో ఉల్మాన్ స్ట్రోమర్ న్యూరెంబర్గ్ దగ్గర కాగితపు మిల్లు పెట్టడంతో అచ్చుబొమ్మల వ్యాపారానికి ముడిసరుకు చేరువైంది. తర్వాత కంసాలుల పనితనం తోడై రాగిరేకు మీద సన్నని గీతలు వచ్చాయి. ఈ.ఎస్. అన్న పొడి అక్షరాలతోనే మనకు తెలిసిన చెక్కడపు కళాకారుడు 1466లో యాత్రాస్థలమైన ఐన్‌జీడెల్న్ మేరీమాత బొమ్మను పెద్దదిగానూ చిన్నదిగానూ చేశాడు. యాత్రికుల స్తోమతను బట్టి కాబోలు!

కోల్మార్‌లో కంసాలి కొడుకు మార్టిన్ షోన్‌గౌవర్ దగ్గరికి వచ్చేసరికి భక్తికి పనితనం మీద మోజు కలిసింది. సెయింట్ ఆంథోనీని గాల్లో పీకుతున్న ఆయన దయ్యాల్ని చూసి బాలుడు మైకెలాంజెలో రంగుల్లో నకలు గీశాడట. షోన్‌గౌవర్‌ను కలవాలని 1492లో చిత్రకారుడు డ్యూరర్ కోల్మార్ చేరాడు. షోన్‌గౌవర్ అంతకు ముందు ఏడాదే పోయాడు. 1498లో డ్యూరర్ సొంతంగా అచ్చేసిన ‘అపొకాలిప్స్’లో 15 పెద్ద బొమ్మలు. ఒక్కో బొమ్మకూ కింద ఆయన సంతకం. బొమ్మల్ని అమ్మే పని భార్య ఆగ్నెస్ కూడా చూసుకుంది.

పేరున్న చిత్రకారులు వచ్చినంత మాత్రాన పాత వాడకం పోలేదు. 1519లో రేగెన్స్‌బర్గ్‌లో యూదుల్ని వెళ్లగొట్టి, వాళ్ల ప్రార్థనాలయాన్ని కూల్చి, ఆ చోట మేరీమాత గుడి కట్టారు. జనం వెర్రెత్తినట్టు వచ్చిపడ్డారు. చిత్రకారుడు ఆల్ట్‌డోర్ఫర్ ఆ మేరీమాతను రంగుల అచ్చులో వేశాడు. ఎంతో అందమైన బొమ్మ, అంతే వికారమైన సందర్భం. ఆ యాత్ర మీద ఓస్టెన్‌డోర్ఫర్ అనే చిత్రకారుడు వేసిన అచ్చుబొమ్మ తన దగ్గరుంటే, 1523లో డ్యూరర్ దాని మీదే నిరసన రాసుకున్నాడు.

అప్పటికే మత సంస్కర్త లూథర్ పక్షం అచ్చుబొమ్మనే ఆయుధంగా అందుకుంది. 1522 సెప్టెంబరులో వచ్చిన ఆయన కొత్త నిబంధనకు చిత్రకారుడు క్రానాక్ శాలలో బొమ్మలు వేశారు. ప్రకటన గ్రంథంలోని మృగం తలన పోపు మూడంతస్తుల కిరీటం! డిసెంబరు ముద్రణకల్లా దిమ్మెల్ని చెక్కి దాన్ని మామూలు కిరీటం చేశారు. 1534లో పూర్తి బైబిలు వచ్చినప్పుడు మూడంతస్తులదే మళ్లీ పెట్టారు.