గడప బయట హాగరు

అక్కలూ, చెల్లెళ్లూ, ఈసారి ఒక చిన్న బొమ్మ గురించి చెప్తాను. నిజంగానే చిన్నది: ఎత్తు సుమారు 12.5 సెంటీమీటర్లు, వెడల్పు 9.5. అరచేతిలో పట్టేస్తుంది. 1637లో హాలండ్ చిత్రకారుడు రెంబ్రాంట్ చేసిన ముద్రణ చిత్రం ఇది. అబ్రాహాము తన దాసి హాగరునీ, ఆమె కొడుకు ఇష్మాయేలునీ ఇంట్లోంచి పంపేస్తున్న ఘట్టం.

రాగిరేకు మీద మైనంలాంటి పూత వేసి, దాని మీద సూదితో గీసి, రేకుని యాసిడ్‌లో ఉంచుతారు. గీసినచోట మాత్రం రాగి కరిగి గాడి పడుతుంది. ఆ గాళ్లలో సిరా నింపి కాగితం మీద అచ్చు వేస్తారు. ఒక్క రేకు నుంచి చాలా ప్రతులు వస్తాయి కాబట్టి ఇలాంటి బొమ్మలు గొప్పవాళ్ల మేడలు దాటి మామూలు ఇళ్లకి కూడా చేరాయి.

కథ ఆదికాండంలోది. పిల్లలు లేని శారా, ఐగుప్తు నుంచి వచ్చిన తన దాసిని తానే భర్తకిచ్చింది. ఇష్మాయేలు పుట్టాడు. ఏళ్ల తర్వాత, ముసలితనంలో శారాకి ఇస్సాకు పుట్టాడు. అప్పుడామె, ఈ దాసి కొడుకు నా కొడుకుతో ఆస్తి పంచుకోకూడదు, వాళ్లని పంపేయమంది. అబ్రాహాముకి చాలా బాధ కలిగింది. కానీ తెల్లవారగానే రొట్టె, నీళ్లతిత్తి ఇచ్చి పంపేశాడు.

ఆ బరోక్ కాలపు చిత్రాల్లో కత్తులూ, నెత్తురూ, మెరుపులూ ఎక్కువ. ఇక్కడ అవేవీ లేవు, ఒక గుమ్మం ఉంది, అంతే. మధ్యలో తలపాగాతో అబ్రాహాము. ఒక చెయ్యి ఇంటివైపు, ఒక చెయ్యి హాగరువైపు. ఎటూ చెందలేని నిలబాటు అది. హాగరు ముఖానికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఇష్మాయేలు వీపే మనకి కనిపిస్తుంది. లేఖనం లెక్కన వాడికి పద్నాలుగేళ్లు దాటాలి. రెంబ్రాంట్ చిన్నపిల్లాడిలా గీశాడు, మన మనసు వాడివైపు పోవాలని కాబోలు. తలుపు వెనక నీడలో ఇస్సాకు తొంగి చూస్తున్నాడు.

కిటికీలో శారా ఉంది, నవ్వుతోంది. ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండుతుంది. కానీ ఒక్క క్షణం ఆగండి. తొంభై ఏళ్లదాకా గొడ్రాలనిపించుకున్న మనిషి ఆమె. ఆ ఇంట్లో ఇద్దరాడవాళ్ల స్థానమూ కొడుకు మీదే ఆధారపడింది. ఒకరు లోపల ఉండాలంటే ఇంకొకరు బయటికి పోవాల్సిందే. ఆ ఏర్పాటు వాళ్లిద్దరూ చేసుకున్నది కాదు. నాకు ఈ బొమ్మలో కనిపించే అసలు విషయం ఇదే.

మన కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ కువైట్ ఇళ్లలో పనికెళ్లిన ఆడవాళ్లకి హాగరు ఎవరో వేరే చెప్పక్కర్లేదు. పరాయి ఇల్లు, పరాయి భాష, పొమ్మంటే చేతిసంచితో గడప దాటడం. మన ముస్లిం అక్కచెల్లెళ్లకైతే ఆమె హాజిరా అమ్మ. నీళ్ల కోసం సఫా, మర్వా గుట్టల మధ్య ఆమె పరుగెత్తిన దారిలోనే హజ్‌కి వెళ్లినవాళ్లు ఈరోజుకీ ఏడుసార్లు నడుస్తారు.

ఇంకొకటి. అంతకుముందు ఒకసారి శారా పెట్టే బాధ పడలేక పారిపోయినప్పుడు, నన్ను చూసే దేవుడివని దేవుడికి పేరు పెట్టి పిలిచింది ఈ దాసే.

ఈ బొమ్మ ప్రతులు ఆమ్‌స్టర్‌డామ్, లండన్, న్యూయార్క్ మ్యూజియంలలో ఉన్నాయి, ఇంటర్నెట్‌లోనూ దొరుకుతుంది. ఫోన్‌లో పెద్దది చేసి చూడండి. రెంబ్రాంట్ మనల్ని ఇంట్లో నిలబెట్టలేదు, బయట దారిలో, హాగరు ఉన్న వైపే నిలబెట్టాడు.