స్త్రీల పొదుపు, వృద్ధాప్య భద్రత (కంకిపాడు, కృష్ణా తూర్పు డెల్టా)

కృష్ణా జిల్లా కంకిపాడు మండలంలోను, చుట్టుపక్కల తూర్పు డెల్టా గ్రామాల్లోను స్త్రీలు తమకంటూ భూమి, బంగారం, రొక్కం నిలవ చేసుకొనే పద్ధతులు, ముసలితనంలో వాటి మీద బతికే తీరు ఈ వ్యాస విషయం. కంకిపాడు విజయవాడ–మచిలీపట్నం రహదారి మీద, విజయవాడకు సుమారు 15 కి.మీ. దూరాన ఉన్న మండల కేంద్రం. 2022 ఏప్రిల్ పునర్విభజనలో విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి పోగా, ఇది మచిలీపట్నం కేంద్రమైన కృష్ణా జిల్లాలోనే ఉంది. ఉపాధ్యాయినులు, నర్సుల వంటి ఉద్యోగినుల పింఛను వేరే సంగతి. వారిలో 2004 సెప్టెంబరు 1, ఆ తర్వాత రాష్ట్ర సర్వీసులో చేరినవారు చందా కట్టే పింఛను పథకం (సీపీఎస్) కిందికి వస్తారు. ఇక్కడ చెప్పేది ప్రధానంగా జీతం లేనివారి గురించి.

భూమి, కౌలు

డెల్టాలో స్త్రీకి అన్నిటికన్నా పాత ఆధారం పసుపు కుంకుమల కింద పుట్టింటివారు రాసిచ్చిన పొలం (2014 తర్వాత డ్వాక్రా పొదుపు సంఘాలకు డబ్బిచ్చిన ప్రభుత్వ పథకానిదీ ఇదే పేరు, రెండూ వేరు). భర్త పోయాక ఆ ఎకరమో అరెకరమో కౌలుకిచ్చి, ఎకరానికి ఇన్ని బస్తాలని ధాన్యంగానో రొక్కంగానో పుచ్చుకోవడం రివాజు. తిండిగింజలకు ఢోకా ఉండదు. ధాన్యం ధరతో పాటు కౌలు విలువా పెరుగుతుంది. కింద చెప్పబోయే పింఛన్లలో వేటికీ ఈ గుణం లేదు.

చిక్కంతా పట్టాదారు పాసుపుస్తకంలో ఎవరి పేరుందన్న దగ్గరే. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను స్త్రీ చేతిలోని ఆస్తి మీద ఆమెకు పూర్తి హక్కు ఇచ్చింది. మనోవర్తి కింద వచ్చిన ఆస్తికీ అది వర్తిస్తుందని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన తులశమ్మ–శేషారెడ్డి కేసులో సుప్రీంకోర్టు 1977లో తేల్చింది. కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో జన్మతః వాటా ఇచ్చిన రాష్ట్ర సవరణను కొందరు 1985 నాటిదని, కొందరు 1986 నాటిదని రాస్తారు. చట్టం సంఖ్య 1986 నాటిది, అమలు 1985 సెప్టెంబరు 5 నుంచి. వాటా వచ్చిందా లేదా అన్నది తేల్చేది అమలు తేదీయే కనుక దాన్నే పట్టుకోవడం మంచిది: అప్పటికే పెళ్ళయినవారికి ఆ చట్టం వర్తించలేదు. 2005 కేంద్ర సవరణ ఈ తేడా తీసివేసింది. అయినా అన్నదమ్ములకు హక్కు విడుదల దస్తావేజు రాసిచ్చే ఆడపడుచులు నేటికీ ఉన్నారు. కట్నం ఇచ్చాం కదా అన్నది అందుకు చెప్పే కారణం.

చీటీలు, వడ్డీలు

బంగారం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అవసరానికి తాకట్టు పెట్టడం మామూలు, అమ్మడం అరుదు. చేతిలో రొక్కం ఉంటే తెలిసినవారికి రెండు రూపాయల వడ్డీకి, అంటే నూటికి నెలకు రెండు చొప్పున ఏటా 24 శాతానికి ఇవ్వడం డెల్టా అంతటా ఉంది. నోటు రాయించుకున్నా మూడేళ్ళలో కొత్త నోటు రాయించుకోకపోతే కాలదోషం పడుతుందని చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. చీటీపాటలకు 1982 కేంద్ర చట్టం ఉంది. నిర్వాహకుడి కమిషను 5 శాతం మించరాదన్న నియమాన్ని 2019లో 7 శాతానికి పెంచారు. ఇరుగుపొరుగు కలిసి వేసుకొనే చీటీల్లో ఎక్కువ భాగం రిజిస్టరు కానివే.

విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డు అనే డిపాజిట్ల సంస్థ 2014–15లో చెల్లింపులు ఆపేసినప్పుడు అనేక రాష్ట్రాల్లో సుమారు 32 లక్షల మంది డిపాజిటుదారుల సొమ్ము ఇరుక్కుపోయిందని అంచనా. ప్రభుత్వం 2019లో 10 వేల లోపువారికి, 2021లో 20 వేల లోపువారికి చెల్లించింది. అంతకు మించి దాచినవారు ఆ విడతల్లోకి రాలేదు.

పొదుపు సంఘాలు

సంఘాల పుట్టుక గురించి రెండు కథనాలున్నాయి. ఒకటి 1982–83లో కేంద్రం మొదలుపెట్టిన డ్వాక్రాతో ఆరంభిస్తుంది. రెండోది నెల్లూరు జిల్లా దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమంతో, రోజుకు రూపాయి పొదుపుతో. ఉద్యమం సంఘాలకు ఊపునిచ్చిందనడంలో సందేహం లేదు. అయితే అవి నిలదొక్కుకోవడానికి 1992లో నాబార్డు మొదలుపెట్టిన బ్యాంకు అనుసంధానమే ఎక్కువ కారణమనిపిస్తుంది. 2000లో వెలుగు పథకం, తర్వాత ఇందిరా క్రాంతి పథం గ్రామ సమాఖ్య, మండల సమాఖ్యల అంతస్తులు కట్టాయి.

పేరుకు పొదుపు సంఘమే అయినా పుస్తకాల్లో పెద్ద అంకె అప్పుది. అప్పుల విషయంలో కృష్ణా జిల్లా ముందే గుణపాఠం చూసింది. 2006 మార్చిలో జిల్లా అధికారులు రెండు పెద్ద సూక్ష్మరుణ సంస్థల శాఖలు మూయించారు. ఆ శాఖల సంఖ్య 50 అని, 57 అని రెండు లెక్కలున్నాయి. సుమారు 50 అనుకుంటే చాలు. అధిక వడ్డీ, వసూలులో బలవంతం ప్రధాన ఆరోపణలు. ఒకే స్త్రీ సంఘంలోను, సంస్థలోను ఏకకాలంలో అప్పు తీసుకోవడం అసలు గొడవ అన్న వాదన ఎక్కువ నమ్మదగ్గది. సూక్ష్మరుణ సంస్థలను నియంత్రిస్తూ రాష్ట్రమంతటికీ ఆర్డినెన్సు రావడానికి 2010 అక్టోబరు దాకా పట్టింది.

అభయహస్తం

సంఘ స్త్రీలకు నిజమైన అర్థంలో విరమణ పథకం అనదగ్గది అభయహస్తం ఒక్కటే. 2009 చట్టం ప్రకారం 18–59 ఏళ్ళ సభ్యురాలు రోజుకు రూపాయి, ప్రభుత్వం రోజుకు రూపాయి వేసేవి; 60 నిండాక నెలకు కనీసం 500 రూపాయలు. నిధిని ఎల్‌ఐసీ నిర్వహించింది. సహజ మరణానికి 30 వేలు, ప్రమాద మరణానికి 75 వేల బీమా, 9–12 తరగతుల పిల్లలకు ఏటా 1,200 ఉపకారవేతనం జతచేశారు.

లెక్క కట్టి చూస్తే దీని బలహీనత తెలుస్తుంది. 40వ ఏట చేరిన స్త్రీ ఖాతాలో ఇద్దరి వంతు కలిపి ఏటా 730 పడుతుంది. 8 శాతం చక్రవడ్డీతో 20 ఏళ్ళకు అది సుమారు 33,400. దాని మీద ఏడాది వడ్డీ 2,700 లోపే, ఇవ్వవలసింది 6,000. మిగతాది ప్రభుత్వం భరించాలి, లేదా అసలు కరగాలి. రాజకీయం మారితే పథకం నిలవదన్న అనుమానం మొదటినుంచీ దీనిలోనే ఉంది. ప్రభుత్వం ఊరికే ఇచ్చే వృద్ధాప్య పింఛను 2014 అక్టోబరులో 200 నుంచి 1,000కి, 2019 జనవరిలో 2,000కి, 2024లో 4,000కి చేరేసరికి, చందా కట్టి 500 తీసుకోవడంలో అర్థం లేకుండా పోయింది.

తర్వాతి పథకాలు

2015లో వచ్చిన అటల్ పెన్షన్ యోజనలో చందా లెక్క గట్టిది. 18వ ఏట చేరితే నెలకు 210, 40వ ఏట చేరితే 1,454 కట్టాలి. 60 తర్వాత నెలకు 5,000 వస్తుంది. ఆ 5,000 ధరలతో పాటు పెరగదు, 40 దాటినవారికి ప్రవేశం లేదు. పిల్లల చదువులూ పెళ్ళిళ్ళూ అయ్యాక, అంటే 45 దాటాక గాని తన కోసం ఆలోచించుకోని గృహిణికి ఇది తలుపు మూసిన ఇల్లే. ఆమెకు పీపీఎఫ్ (ప్రజా భవిష్య నిధి) మిగులుతుంది. 60 దాటాక పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకం ఉంది. గరిష్ఠంగా 30 లక్షలు, వడ్డీ మూడు నెలలకోసారి.

పొలం అమ్మిన రొక్కం, లేదా అమెరికాలోని పిల్లలు పంపిన డబ్బు సాధారణంగా భర్త పేర డిపాజిట్ అవుతుంది, భార్య నామినీగా ఉంటుంది. నామినీ డబ్బు అందుకొనే వ్యక్తి మాత్రమే, వారసత్వ హక్కుదారు కానక్కర్లేదని కోర్టులు పలుమార్లు చెప్పాయి. ‘ఇద్దరిలో ఎవరైనా లేదా బతికున్నవారు’ పద్ధతిన ఉమ్మడి ఖాతా తెరిస్తే భర్త పోయిన వారంలోనే డబ్బు తీసుకోవడానికి ఆమెకు అడ్డు తక్కువ.